మీకు తెలుసా? కౌంటీ జైల్లో వేసిన వేలిముద్ర ఎక్కడిదాకా వెళ్తుందో!

2025 ఏప్రిల్లో ఒక రాత్రి ఒంటిగంటకి మా పిన్ని కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, ఆ కేసు ఎప్పుడో కొట్టేశారు కదా, మళ్ళీ ఇదేంటి?" అన్నాడు. ఎమ్మెస్ పూర్తిచేసి చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ల కిందట ఒక ట్రాఫిక్ టికెట్ కట్టడం మర్చిపోతే లైసెన్సు సస్పెండైంది. ఆ సంగతి వాడికి తెలీదు. ఒకరోజు పోలీసు కారు ఆపి, కంప్యూటర్లో చూసి, నేరుగా కౌంటీ జైలుకి తీసుకెళ్లాడు. నాలుగు గంటలు కూర్చోబెట్టి, ఫోటో తీసి, వేలిముద్రలు తీసుకుని వదిలారు. తర్వాత జడ్జి కేసు కొట్టేశాడు. ఖమ్మంలో ఉన్న పిన్నికి ఆ మాటే చెప్పలేదు వాడు. ఇప్పుడు యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది: విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్‌లో నీ రికార్డు రద్దయింది, నేర రికార్డుల తనిఖీలో నీ పేరు తగిలింది అని.

వాడి ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే తెలిసిన సంగతులివి. పిల్లలు అక్కడున్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని రాస్తున్నాను.

పది వేళ్ల ప్రయాణం

కౌంటీ జైల్లో ఎవరినైనా నమోదు చేసుకునేటప్పుడు గాజు పలక మీద పది వేళ్లూ ఒత్తిస్తారు. సిరా ఉండదు, కాగితం ఉండదు. ఆ ముద్రలు రాష్ట్ర పోలీసు శాఖ మీదుగా ఎఫ్‌బీఐకి వెళ్తాయి. దొంగతనమా, హత్యా, లైసెన్సు లేని డ్రైవింగా అన్నదానితో పనిలేదు. ఎఫ్‌బీఐ వాటిని తన దగ్గరే ఉంచుకోదు. దేశ అంతర్గత భద్రతా శాఖకి కూడా ఆ ముద్రలు వాటంతటవే చేరిపోతాయి. అక్కడ ఇంకో పెద్ద భాండాగారం ఉంది. వీసా కోసం హైదరాబాద్‌లో మన పిల్లలు పది వేళ్లూ పెట్టారే, ఆ ముద్రలు ఉండేది అందులోనే. రెండూ కలిస్తే, ఫలానా వీసా మీద వచ్చిన ఫలానా మనిషి ఇప్పుడు ఫలానా జైల్లో ఉన్నాడని ఇమిగ్రేషన్ చట్టాలు అమలుచేసే ఐస్‌కి కబురు అందుతుంది.

ఈ ఏర్పాటు పేరు సెక్యూర్ కమ్యూనిటీస్. 2008లో టెక్సస్‌లోని హ్యారిస్ కౌంటీలో, అంటే మన హ్యూస్టన్ ఉన్న కౌంటీలో మొదలైంది. 2011లో ఇల్లినాయి, న్యూయార్క్, మసాచుసెట్స్ గవర్నర్లు మాకిది వద్దన్నారు. దానికి కేంద్రం చెప్పిన జవాబు విని నేను ఆశ్చర్యపోయాను. రాష్ట్రాలతో అంతకుముందు చేసుకున్న ఒప్పందాలను తానే రద్దు చేసి, అసలు మీ ఒప్పందమే మాకు అక్కర్లేదు పొమ్మంది. ముద్రలు ఎఫ్‌బీఐకి పంపడం ఏ రాష్ట్ర పోలీసుకైనా తప్పదు. అక్కడి నుంచి అవి ఎటు పోవాలో కేంద్రం ఇష్టం. 2013 నాటికి ఈ ఏర్పాటులోకి రాని జైలు దేశంలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ పేరుతో పథకం మధ్యలో ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. ముద్రల ప్రవాహం మాత్రం ఎప్పుడూ ఆగలేదు. ఐస్‌కి సాయపడబోమన్న, సాంక్చువరీ సిటీ అని పేరున్న ఊళ్ల నుంచి కూడా వెళ్తూనే ఉంది.

సీటుబెల్టుకి అరెస్టు

చిన్న ట్రాఫిక్ తప్పుకి జైలుదాకా తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్లొచ్చు. 1997లో టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర లాగో విస్టా అనే చిన్న ఊళ్లో ఒక తల్లి సీటుబెల్టు పెట్టుకోలేదనీ, పిల్లలకి పెట్టలేదనీ బేడీలు వేసి తీసుకెళ్లారు. ఆ తప్పుకి గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. జైలు శిక్ష లేనే లేదు. 2001లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పిచ్చి, ఆ అరెస్టు రాజ్యాంగ విరుద్ధం కాదంది. ఆవిడ అమెరికా పౌరురాలు గనక జరిమానాతో బయటపడింది. వీసా మీద ఉన్నవాళ్లకి అదే అరెస్టు గాజు పలక దాకా, అక్కడి నుంచి ఐస్ దాకా వెళ్తుంది.

జడ్జి సంతకం లేని కాగితం

ముద్రలు కలిశాక ఐస్ జైలుకి ఒక ఫారం పంపుతుంది. పేరు ఐ-247ఎ, వాడుకలో డిటైనర్. 'ఈ మనిషిని మీరు వదిలే సమయానికి ఇంకో 48 గంటలు మాకోసం ఆపి ఉంచండి' అన్నది అందులోని సారం. దానికి జతగా ఒక వారంటు ఉంటుంది. దాని మీద సంతకం పెట్టేది ఐస్ అధికారి. ఏ జడ్జీ దాన్ని చూసి ఉండడు.

చాలా ఏళ్లు జైళ్లన్నీ దీన్ని హుకుం అనుకున్నాయి. 2008లో పెన్సిల్వేనియాలోని లీహై కౌంటీలో ఒకతన్ని పట్టుకున్నారు. న్యూజెర్సీలో పుట్టిన అమెరికా పౌరుడు. జేబులో సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు రెండూ ఉన్నాయి. బెయిలు కట్టారు. అయినా డిటైనర్ ఉందని మూడు రోజులు లోపలే ఉంచారు. అతను కోర్టుకెక్కితే, కేంద్రం అడిగితే కాదనగలమా అని కౌంటీ వాదించింది. 2014లో ఫిలడెల్ఫియాలోని అప్పీళ్ల కోర్టు, కాదనగలరు, అది విన్నపం మాత్రమే అని తేల్చింది. విన్నపానికి తలూపి మనిషిని బంధిస్తే ఆ పాపంలో కౌంటీకీ వాటా ఉంటుందన్నమాట. ఆ ఒక్క ఏడాదిలోనే ఎన్నో కౌంటీలు డిటైనర్ల మీద మనుషుల్ని ఆపడం మానేశాయి.

ఐస్ వైపు వాదన కూడా చెప్పాలి, అది తేలిగ్గా కొట్టేయాల్సింది కాదు. జైలు లోపల మనిషిని అప్పగిస్తే ఇద్దరు అధికారులతో పని అయిపోతుంది, అతని దగ్గర ఆయుధం ఉండదు. వదిలేస్తే అదే మనిషికోసం వీధిలో, ఇంటిముందు, పిల్లల ఎదుట వెతకాలి. హింసాత్మక నేరం చేసినవాడి విషయంలో ఈ మాటకి నేను తలొగ్గుతాను. సస్పెండైన లైసెన్సు విషయంలో ఒప్పుకోలేను.

బానిసత్వం నుంచి, తుపాకుల నుంచి

కేంద్రం చట్టానికి రాష్ట్రం చేయి అందించను అనడం మనకి వింతగా ఉంటుంది. మన రాజ్యాంగం 256వ అధికరణం పార్లమెంటు చట్టాలు అమలయ్యేలా రాష్ట్రాలు నడుచుకోవాలని చెబుతుంది, ఆదేశాలిచ్చే అధికారం కేంద్రానికుంది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి అధికరణం లేదు.

రాష్ట్రం ఇలా కాదనడానికి వేరు 1842 దాకా పోతుంది. పారిపోయిన బానిసల్ని పట్టి యజమానికి అప్పగించాలని అప్పట్లో కేంద్ర చట్టం ఉండేది. ప్రిగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది, అయితే దాని అమలుకి రాష్ట్రాల అధికారుల్ని బలవంతపెట్టలేమంది. ఆ సందు దొరికిందే తడవు, మరుసటి ఏడాది మసాచుసెట్స్ తన అధికారులు బానిసల్ని పట్టుకోకూడదనీ, తన జైళ్లలో వాళ్లని ఉంచకూడదనీ చట్టం చేసింది. మా జైలు మీకివ్వం! ఈనాటి మాట సరిగ్గా అదే.

రెండో మెట్టు 1997. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు స్థానిక షెరీఫ్‌లే చూడాలని కేంద్రం చట్టం చేస్తే, మోంటానా, అరిజోనాల నుంచి ఇద్దరు షెరీఫ్‌లు కోర్టుకెళ్లారు. ఇద్దరూ తుపాకీ హక్కుల పక్షం. సంప్రదాయవాది అని పేరుపడ్డ జస్టిస్ స్కాలియా వాళ్ల వైపు తీర్పు రాశాడు. కేంద్రం తన పనికి రాష్ట్ర అధికారుల్ని జీతంలేని నౌకర్లుగా వాడుకోలేదన్నది అందులోని సారం. ఐస్‌కి సహకరించడం లేదని షికాగో మీద, ఇల్లినాయి మీద కేంద్రం వేసిన దావాను 2025 జులైలో కొట్టేసిన జడ్జి నిలబడ్డది కూడా ఈ పునాది మీదే.

రాష్ట్రం కాదనొచ్చు. అడ్డుపడటానికి మాత్రం లేదు. ఐస్ తన మనుషులతో తాను వచ్చి పట్టుకుంటే ఏ సాంక్చువరీ సిటీ కూడా ఆపలేదు. ఈ తేడా తెలియక, మా ఊరు సాంక్చువరీ గనక మాకేం కాదు అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

ఓరెగాన్‌లో ఒక హోటలు

ఇమిగ్రేషన్ పనికి ఒక రాష్ట్రం మొదట కాదన్నది ఇలా. 1977 జనవరి. ఓరెగాన్‌లో ఇండిపెండెన్స్ అనే చిన్న ఊరు. హై హో అనే హోటల్లో కొందరు కూర్చుని తింటున్నారు. స్థానిక పోలీసులు లోపలికొచ్చారు. మిగతా బల్లల జోలికి పోకుండా మెక్సికన్‌లా కనబడ్డవాళ్ల దగ్గరికే వెళ్లి మీరెక్కడివాళ్లని అడగడం మొదలుపెట్టారు. ఒకతన్ని చెయ్యి పట్టుకుని లేపి అందరి మధ్యా నిలబెట్టారు. అతను అమెరికా పౌరుడు. అతని కేసు పట్టుకున్న యువ లాయరు రాకీ బరీయా తర్వాత శాసనసభకి గెలిచి, స్థానిక పోలీసులు ఇమిగ్రేషన్ కోసం మనుషుల్ని పట్టుకోకూడదని 1987లో చట్టం పెట్టించాడు. రెండు పార్టీలూ దాదాపు ఏకగ్రీవంగా ఓటేశాయి. అమెరికాలో మొత్తం రాష్ట్రానికి వర్తించే అలాంటి చట్టం అదే మొదటిది. 2018లో దాన్ని ఎత్తేయాలా అని ప్రజల్నే అడిగితే, ఎక్కువమంది ఉంచమన్నారు.

అంతకుముందే, 1979లో, లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ ఇలాంటి నియమం పెట్టుకుంది. పెట్టిన చీఫ్ డారిల్ గేట్స్ మెతక మనిషి అని ఎవరూ అనరు. దోపిడీకి గురైనవాడు, సాక్షి, దెబ్బలు తిన్న భార్య పోలీసు దగ్గరికి రావాలంటే వీసా భయం ఉండకూడదన్నది ఆయన లెక్క.

287-జి

ఇక రెండో వైపు. చేయి అందిస్తామని ముందుకొచ్చే కౌంటీలకోసం 1996లో, క్లింటన్ హయాంలో, ఇమిగ్రేషన్ చట్టంలో 287-జి అని ఒక సెక్షన్ చేర్చారు. స్థానిక పోలీసుకి శిక్షణనిచ్చి ఐస్ అధికారాల్లో కొన్ని అప్పగిస్తారు. ఆరేళ్లు ఎవరూ కన్నెత్తి చూడలేదు. 2002లో ఫ్లోరిడా మొదటి సంతకం పెట్టింది.

అందరికంటే పెద్దయెత్తున వాడింది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ. షెరీఫ్ జో అర్పాయో ఎడారి ఎండలో గుడారాల జైలు పెట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. రంగు చూసి కార్లు ఆపుతున్నారని 2013లో కోర్టు తీర్పు వచ్చింది. ఆ కోర్టు ఆదేశాన్ని ధిక్కరించాడని 2017లో అర్పాయో దోషిగా తేలితే ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. ఆ ఒక్క కేసు ఖర్చు మారికోపా పన్నుదారుల మీదే పడింది. కట్టినవాళ్లలో అక్కడున్న మన తెలుగువాళ్లూ ఉన్నారు.

నాష్‌విల్‌లో జరిగింది రాయకుండా ముందుకి పోలేను. 2008లో తొమ్మిదో నెల గర్భిణి ఒకామె లైసెన్సు లేకుండా కారు నడుపుతూ దొరికింది. ఆ కౌంటీలో అప్పుడు 287-జి ఉంది. జైల్లో ఉండగానే నొప్పులొచ్చాయి. ఆస్పత్రి మంచానికి కాలు గొలుసుతో కట్టారు, కాన్పు దగ్గరపడ్డాక తీశారు, బిడ్డ పుట్టిన కొద్ది గంటలకి మళ్ళీ కట్టారు. ఇంత దూరం నుంచి చదువుతున్నా నాకు చేతులు వణికాయి.

వీధిలో ఆపి అడిగే అధికారమిచ్చే పద్ధతిని 2012లో మానేశారు. 2025లో మళ్ళీ తెచ్చారు. దానికి కావాల్సిన శిక్షణ 40 గంటలు, ఆన్‌లైన్‌లో. 2025 జనవరిలో దేశంలో 135 ఒప్పందాలుండేవి, సెప్టెంబరుకి వెయ్యి దాటాయి. ఫ్లోరిడాలోనైతే 67 కౌంటీల షెరీఫ్‌లూ సంతకం పెట్టారు. మొదట్లో ఈ పనికి జీతాలు కౌంటీలే పెట్టుకునేవి. 2025 అక్టోబరు నుంచి శిక్షణ పొందిన పోలీసుల జీతభత్యాలు కేంద్రమే తిరిగి ఇస్తోంది. ఆ తర్వాత కూడా సంతకాలు పెరిగితే నాకు మొదట తట్టే కారణం ఇదే.

ఓటుతో మారే జైలు

మన దగ్గర ఎస్పీని ప్రభుత్వం వేస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో షెరీఫ్‌ని ఓట్లేసి గెలిపిస్తారు, జైలు అతని చేతిలో ఉంటుంది. అట్లాంటా పక్కనే, మనవాళ్లు బాగా స్థిరపడ్డ గ్విన్నెట్ కౌంటీలో 2009 నుంచి ఉన్న 287-జి ఒప్పందాన్ని 2021 జనవరిలో కొత్తగా గెలిచిన షెరీఫ్ పదవిలోకి రాగానే ఆపేశాడు. షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీలో 2018లో అదే జరిగింది. సెక్యూర్ కమ్యూనిటీస్ పుట్టిన హ్యారిస్ కౌంటీ కూడా 2017లో 287-జి వదిలేసుకుంది.

కథ అక్కడ ఆగలేదు. షెరీఫ్‌ల పైన రాష్ట్రాలున్నాయి కదా. జార్జియాలో 2024 ఫిబ్రవరిలో లేకెన్ రైలీ అనే నర్సింగ్ విద్యార్థినిని అక్రమంగా వచ్చిన ఒకడు చంపేశాడు. ఆ కోపంలోంచి పుట్టిన చట్టం షెరీఫ్‌లు ఐస్‌తో సహకరించి తీరాలంది. అదే ఏడాది చివర్లో నార్త్ కరోలినా శాసనసభ గవర్నర్ వీటోని తోసేసి ఇలాంటిదే తెచ్చింది. టెక్సస్ 2017లోనే సాంక్చువరీలని నిషేధించింది. అంటే మన పిల్లవాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడన్నదానితో పాటు ఏ కౌంటీ, ఈ ఏడాది అక్కడ ఏ చట్టం అన్నది కూడా లెక్కే.

అర్వింగ్ ఒకప్పుడు

డాలస్ పక్కన అర్వింగ్ అంటే ఇప్పుడు మనకి గాంధీ విగ్రహం, ఇడ్లీ హోటళ్లు, ఉగాది సంబరాలు. 2007లో డాలస్‌లోని మెక్సికో కాన్సల్ తన దేశస్థులకి, వీలైతే అర్వింగ్ మీదుగా కారు నడపకండి అని హెచ్చరిక ఇచ్చాడు. పోలీసులు పట్టుకున్నవాళ్లని ఐస్ 24 గంటలూ ఫోన్లో విచారించే ఏర్పాటు ఆ ఏడాదే మొదలైంది. బర్క్‌లీ లా స్కూలు వాళ్లు 2009లో ఆ రికార్డులు తీసి చూస్తే, ఆ ఏర్పాటు వచ్చాక చిన్నచిన్న తప్పులకి లాటినోల అరెస్టులు బాగా పెరిగాయనీ, ఐస్ కోరినవాళ్లలో అత్యధికులు చేసినవి చిల్లర నేరాలేననీ తేలింది.

న్యూజెర్సీ రెండు చేతులు

2018లో న్యూజెర్సీ అటార్నీ జనరల్ గుర్‌బీర్ గ్రేవాల్ ఐస్‌తో స్థానిక పోలీసుల సహకారానికి కళ్లెం వేశాడు. అదే కాలంలో జెర్సీ సిటీ ఉన్న హడ్సన్ కౌంటీ, పక్కనున్న ఎసెక్స్, బెర్గెన్ కౌంటీలు తమ జైలు పడకల్ని రోజువారీ అద్దెకి ఐస్‌కి ఇచ్చి డబ్బు చేసుకుంటున్నాయి. 2021లో అది ఆగింది.

మరి మా తమ్ముడు?

వాడి ప్రశ్నకి జవాబిది. 2025లో ఐస్ 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ దగ్గరుండే నేర సమాచార పట్టికలో వేసి వెతికింది. ఆ పట్టికని నింపేది ఊరూరా ఉన్న పోలీసులు. 6,400 పేర్లు తగిలాయి. కొట్టేసిన కేసులు, అభియోగమే పెట్టనివి, ట్రాఫిక్‌వి కూడా అందులో ఉన్నాయి. వేల రికార్డులు రద్దయ్యాయి. అమెరికా ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం భారతీయులవి. దేశమంతటా జడ్జీలు అడ్డుకోవడంతో ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు తిరిగి తెరుస్తామంది. మా తమ్ముడిదీ తెరుచుకుంది. ఆ మూడు వారాలూ ఉద్యోగానికి వెళ్లకుండా గదిలో కూర్చున్నాడు.

ఇంకో రెండు ముక్కలు, ఇవి పనికొస్తాయి. నేరం ఒప్పేసుకుంటే ఇవాళే తేలిపోతుంది, జరిమానా కట్టి పో అని క్రిమినల్ లాయరు అంటే, ఇమిగ్రేషన్ సంగతేంటని అడగండి. వియత్నాంలో పోరాడి, 40 ఏళ్లకు పైగా గ్రీన్‌కార్డు మీదున్న ఒకాయనకి, నీకేం భయం లేదని లాయరు చెప్తే నమ్మి ఒప్పుకున్నాడు, దేశబహిష్కారం దాకా వచ్చింది. 2010లో ఆయన కేసులోనే, అంటే పడీయా కేసులో, సుప్రీంకోర్టు, ఆ పరిణామం గురించి ముందే చెప్పడం లాయరు బాధ్యత అంది.

రెండోది, వియన్నా ఒప్పందం 36వ అధికరణం. విదేశీయుణ్ని అరెస్టు చేస్తే, మీ కాన్సులేట్‌కి చెప్పమంటారా అని చిన్న ఊరి పోలీసు కూడా అడగాలి. కొన్ని దేశాలవాళ్ల విషయంలో అడక్కుండానే చెప్పి తీరాలి. ఇండియా ఆ జాబితాలో లేదు. మనం నోరు తెరిచి అడిగితేనే.

పిన్ని వచ్చే నెల టూరిస్టు వీసా మీద కొడుకు దగ్గరికి వెళ్తోంది. 18 ఏళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ నమోదు కాగితం వెంట ఉంచుకోవాలని అక్కడి చట్టం, అందుకని దిగగానే ఐ-94 ప్రింటు తీసి ఇమ్మని వాడికి చెప్పాను. పిన్నికి ఇంగ్లిషు చదవడం రాదు. అందుకని ఒక చీటీ మీద తెలుగు అక్షరాల్లో 'ప్లీజ్ కాల్ ది ఇండియన్ కాన్సులేట్' అని రాసిచ్చాను. రెండుసార్లు పైకి చదివి, నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టు అట్టలో పెట్టుకుంది.